ప్రార్థనాంశమైన నా నిద్ర

నాకు నిద్ర పట్టడం లేదంటే మా ఇంట్లో అందరికీ నా ఫోనే కనిపిస్తుంది. బందరులో సైకాలజిస్టును కలుస్తానని నిన్న అమ్మకు చెప్పాను. ఈ సాయంత్రం మా నాగాయలంక ఇంట్లో చర్చి స్త్రీల కూడిక జరిగితే, అమ్మ నా సంగతిని ప్రార్థనాంశం చేసేసింది.

"మా పిల్లకి పిచ్చి మందులు అంటగట్టకుండా కాపాడు ప్రభువా!"

అలవాటుకొద్దీ అందరితోపాటు నేనూ ఆమెన్ అన్నాను. కళ్లు తెరిచాక చెప్పాను.

"మందులు రాసేది సైకియాట్రిస్టమ్మా, ఆయన డాక్టరు. ఈవిడ సైకాలజిస్టు, మాట్లాడించి వింటారు."

"వినడానికి మన పాస్టరమ్మగారు లేరూ?"

"ఈవిడ విన్నది ఇంకెవరికీ చెప్పరమ్మా."

పక్కనే ఉన్న పాస్టరమ్మగారు టీ కప్పు కింద పెట్టేశారు.

మీ ఇళ్లలో ఇలాంటివి ఎవరికి చెబుతారు?

శనివారం బందరు వెళ్తున్నాను. అవసరమని ఆ సైకాలజిస్టు పంపితే సైకియాట్రిస్టునూ కలుస్తాను. మందులిస్తే వేసుకుంటాను.