యాభై రెండు సెకన్లలో ఎవరు కదిలారు

ఇప్పుడైతే ఎవరి దేశభక్తి ఎంతో పక్కవాళ్లే ఫోన్లో తేల్చేస్తున్నారు గానీ, నా ఇరవై రెండో ఏట దాన్ని కొలవడానికి ప్రత్యేకంగా ఒక మనిషిని పెట్టాల్సి వచ్చింది. ఆ మనిషిని నేనే. వరంగల్ చుట్టుపక్కల ఒక మార్కెట్ యార్డులో (ఏదని అడక్కండి, చెప్పను) దినకూలీ గుమాస్తాగా చేరిన కొత్త. ఇంటర్ తప్పినా లెక్క తప్పనివాడినని నాకో పేరుండేది. బడిలో నేర్చిన లెక్క కాదది, కాశిబుగ్గలో మా నాన్న మగ్గం పక్కన కూర్చుని పోగులు లెక్కపెడుతూ నాకు నేనే పట్టుకున్నది. బస్తాల వరుసను ఒక్క చూపు చూసి ఎన్నో చెప్పేసేవాణ్ణి. ఆ గొప్పే నా కొంప ముంచింది.

కొత్తగా వచ్చిన పెద్దసార్ రోజూ ఉదయం ఎనిమిదింటికి మైకులో జనగణమన పెట్టించాడు. మంచి పనే. రైతులు, హమాలీలు, చాయ్ బండి అక్క, అందరూ ఎక్కడివాళ్లక్కడ నిలబడేవాళ్లు. చిక్కు ఎక్కడొచ్చిందంటే, యార్డులో నీళ్ల నల్లా ఎండిపోయి మూడు నెలలైందని హమాలీలు అదే వారం పై ఆఫీసుకు దరఖాస్తు పెట్టారు. అందులో మొదటి సంతకం పదిహేడు మామది. (ప్రతి హమాలీకీ నంబరు వేసిన ఇత్తడి బిల్ల ఉండేది. నాకు పేర్ల కంటే నంబర్లే గుర్తుంటాయి కాబట్టి ఆయన నాకు పదిహేడు మామ.) పెద్దసార్‌కు ఒళ్లు మండింది. సర్కారు మీద కాగితం రాసినోనికి దేశం మీద భక్తి ఎక్కడిదని ఆయన వాదన. దాన్ని రుజువు చెయ్యమని నన్ను పిలిచాడు. పాట నడుస్తుండగా కదిలినవాళ్ల నంబర్లు నేను రాయాలి. వారంలో మూడుసార్లు దొరికితే బిల్ల వాపసు. బిల్ల లేని హమాలీకి యార్డులో పని లేదు.

నేను ఉత్సాహంగా గళ్లు గీసుకున్నాను. మొదటిరోజే తల తిరిగిపోయింది. అసలు కదలడమంటే ఏమిటి? దగ్గు కదలికేనా? ఈగను తోలుకోవడం? తుమ్మును సగం కదలిక కింద వేసుకున్నాను. ఒకాయన వేళ్ల మధ్య బీడీని చర్మం కాలేదాకా అలాగే పట్టుకుని యాభయ్యో సెకనులో పారేశాడు. ఆయన్నీ, రెండో సెకనుకే వీపు గోక్కున్నవాణ్ణీ ఒకే గడిలో వెయ్యడం ఏం న్యాయం? పోయి సార్‌ను అడిగితే, "కదిలిండా, లేదా, గంతే" అన్నాడు. లెక్క చెయ్యనివాళ్లకు లెక్క ఎంత సులువో.

పదిహేడు మామ సంగతి మరీ చికాకు. మైకు మోగే వేళకు ఆయన వీపు మీద అరవై కిలోల మక్కజొన్నల బస్తా ఉండేది. దించితే కదిలినట్టు. అందుకని బస్తాతోనే నిలబడేవాడు. నలభయ్యో సెకనుకు కుడి మోకాలు వణికేది. నేను రాసేవాణ్ణి. మరుసటిరోజు మళ్లీ వణికింది, మళ్లీ రాశాను. అంకె అంకేనని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. మూడోరోజూ అంతే. ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకు పోతుంటే చాయ్ బండి దగ్గర మామ ఆపాడు.

"రాసినవా అల్లుడా?"

"రాసిన మామా. మోకాలు కదిలింది."

"కదిలింది. అబద్ధమెందుకు. మరి నీ చెయ్యి?"

నేను చేతిలోని కాగితం కేసి చూసుకున్నాను.

"మూడు రోజుల సంది చూస్తాన. మేమంత నిలబడ్డంక నువ్వొక్కనివే అటు ఇటు తిరుక్కుంట రాస్తానవ్. ఒక్కపారన్న నిలబడ్డవా?"

చాయ్ అక్క గ్లాసులు కడుగుతూనే, సారు సుత ఊకుంటలేడు, గాన్ని రాయి గీన్ని రాయి అని వేలు పెట్టి చూపిస్తాండు అంది. మామ నవ్వలేదు. "జెండ మనందరిది. నల్లా సర్కారు చూసుకోవాల్సింది. దానికి దండం పెట్టిన, దీనికి దరఖాస్తు పెట్టిన. ఇందుల సారుకు కోపమెందుకో నాకైతె సమజ్ కాలె" అని, చాయ్ తాగి పనికి పోయాడు. బిల్ల గురించి ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే రూల్సు చెప్పి తప్పించుకునేవాణ్ణి.

ఆ కాగితానికి బదులు కొత్తది తీశాను. మొదటి పేరు నాది: మూడు రోజులు, నూట యాభై ఆరు సెకన్లు, ఆసాంతం కదలిక. రెండోది పెద్దసార్‌ది: వేలు, రోజుకు నాలుగైదు సార్లు. ఆ కింద పదిహేడు: మోకాలు, మూడుసార్లు, వీపు మీద అరవై కిలోలు. (బరువుకు అంతకుముందు గడి లేదు, అప్పుడే గీశాను.) ఇదంతా ధైర్యం అనుకునేరు. కూడికలో ఒకటి తగ్గితే నాకు అన్నం సహించదు, అంతే.

పెద్దసార్ దాన్ని రెండుసార్లు చదివాడు. "నువ్వు సర్కారు జీతం తింటానవా, హమాలోళ్లదా?" అన్నాడు. సర్కారుదే సార్ అన్నాను. "మరి నా పేరెట్ల రాసినవ్?"

"కదిలిండ్రు గద సార్."

మామ బిల్ల తియ్యాలంటే ఆ కాగితం ఫైల్లో పెట్టాలి, పెడితే రెండో వరుసలో తానుంటాడు. చించేశాడు. నంబర్లు రాయడం ఆ పూటతో ఆగిపోయింది, మామ బిల్ల మామ దగ్గరే ఉంది. రేపటి సంది రావద్దని సార్ నాతో అన్నాడు. దినకూలీని తీసెయ్యడానికి కాగితం కూడా అక్కర్లేదు. ఇంటిదాకా నన్ను నేను తిట్టుకుంటూ నడిచాను. ఒక్క పేరు, రెండో వరుసది వదిలేస్తే ఏం పోయేది?

మర్నాడు రిజిస్టర్లు అప్పజెప్పి వస్తూ లారీ పక్కన ఉండగా మైకు మోగింది. గళ్లు గీసుకున్నప్పటి నుంచీ చేతిలో కాగితం లేకుండా ఆ పాట వినడం అదే మొదలు. పక్కనే మామ, వీపు మీద బస్తా. మోకాలు వణకడం మొదలవగానే నేను బస్తా కింద అరచెయ్యి పెట్టాను. నా చెయ్యి ఆయన మోకాలి కంటే ఎక్కువ వణికింది. ఇద్దరం శుభ్రంగా కదిలాం. రాసేవాడు లేడు.

ఇప్పుడు మా గల్లీలో జెండా ఎగరేసినప్పుడు నేనూ నిలబడతాను, నా మోకాళ్లూ మాట వినవు. గళ్లు గీసిన కాగితం పట్టుకుని, నిలబడ్డ మనుషుల మధ్య అంత శ్రద్ధగా తిరిగిన ఆ ఇరవై రెండేళ్ల కుర్రాడు గుర్తొస్తాడు. వాడి మీద కోపం తెచ్చుకుందామని చూస్తాను. వచ్చేది నవ్వు. పాట అయ్యేదాకా దాన్ని ఆపుకోవడమే నా తిప్పలు.