ఇంజను ఆపి నెట్టిన దోవ

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల క్రైస్తవ సంఘాలు మూడూ పాదిరిగా నాకే అప్పగించారు. వాటి మధ్య తిరగడానికి, ఇంగ్లండుకు వెళ్లిపోయిన మిషను దొరగారి పాత మోటారు సైకిలు ఇచ్చారు. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన తొలి ఏళ్లవి. దోవ నిండా ఎద్దుల బండ్లు, జట్కాలు, సైకిళ్లు, పూటకొక బస్సు, ఎప్పుడో ఒక లారీ. బస్సు చప్పుడుకు ఎద్దులు అలవాటుపడ్డాయి గాని, నా బండి ఫటఫటలకు బెదిరేవి.

మొదటి ఏడే ఒకతని ఎద్దులు అలా బెదిరి బండిని గుంతలో పడేశాయి. అతని చెయ్యి విరిగింది. ఆసుపత్రిలో మంచం పక్కన మోకరించి ప్రార్థన చేసి లేచాను. అతను కళ్లు తెరిచి, "ప్రార్థన బాగుండాది అయ్యగారూ. ఎద్దులకాడ ఆ బండి నిలిపేసి నెట్టుకుంటా పో, అది ఇంకా బాగుంటాది" అన్నాడు.

ఆ రోజే దేవుని ముందు మాట ఇచ్చాను.

అప్పటినుంచి బండ్లు కనబడితే ఇంజను ఆపి, దిగి, వరస దాటేదాకా నెట్టేవాణ్ణి. ఆదివారం దీవెన చెప్పడానికి చేతులెత్తితే భుజాలు పీకేవి. అయ్యగారు బండిని తోలుతున్నాడా, బండే అయ్యగారిని తోలుతోందా అని జట్కావాళ్లు నవ్వేవాళ్లు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ప్రొద్దుటూరికి కబురొచ్చింది. పెద్దముడియం దగ్గరి పల్లెలో ఒక అవ్వ చివరి ఘడియల్లో ఉంది, ప్రభు భోజనం అడుగుతోంది. ఆ పల్లెలో మొదట క్రీస్తును నమ్ముకున్నది ఆమే. రొట్టె, ద్రాక్షరసం సంచిలో పెట్టుకుని బయలుదేరాను.

ఊరు దాటగానే మిల్లులో పత్తి దించి తిరిగిపోతున్న ఖాళీ బండ్లు, కనుచూపు మేర. రాత్రంతా తోలినవాళ్లు బండ్లలోనే పడి నిద్రపోతున్నారు. ముందు బండి వెంట ఎద్దులు వాటంతటవే నడుస్తున్నాయి.

ఇంజను ఆపి నెట్టాను. అవ్వ ఊపిరి నిలపమని ప్రార్థిస్తూనే, ఈ ఒక్కసారికి ఎక్కి పోదామా అనుకున్నాను. కాలు కిక్కు మీద పెట్టాను కూడా. పక్క బండిలో మనిషి చెయ్యి తలకింద పెట్టుకుని నోరు తెరిచి పడుకున్నాడు. కాలు తీసేశాను.

ఇంకొంత దూరం పోయాక, మేలుకుని ఉన్న ఒక ముసలి బండివాడు ఎందుకంత రొప్పుతున్నానని అడిగాడు. చెప్పాను. తన ఎద్దుల్ని పక్కకు నిలిపి దిగాడు.

"ముందరోళ్లను లేపుకుంటా పోతా. నేను కేకేసినాక ఎక్కప్పా."

లేచినవాళ్లు విసుక్కుంటూ దిగి ఎద్దుల ముక్కుతాళ్లు పట్టుకున్నారు. తన తల్లి పోయిననాడు తనకోసం ఎవరూ దిగలేదని ఒకడు గొణిగాడు, గొణుగుతూనే పట్టుకున్నాడు. ముసలాయన కేక వినబడగానే ఇంజను పెట్టి, అలా ఒక్కొక్క బండే దాటాను.

నేను చేరేసరికి అవ్వకు ఇంకా తెలివి ఉంది. పాత్ర ఆమె పెదవులకు ఆనించాను. నా చెమట ఆమె దుప్పటి మీద పడింది.

"మోటారు బండి పెట్టుకోని నడిచొచ్చినావా నాయనా?"

సగం నడిచానన్నాను.

"సరేలే. అందినావు."

పొద్దు గూకకముందే ప్రభువు ఆమెను పిలుచుకున్నాడు.

మరునాడు సమాధి చేసి తిరిగి వస్తుంటే, నిండా పత్తితో బండ్లు ప్రొద్దుటూరి వైపు పోతున్నాయి. వరస చివర ఎక్కడుందో కనబడలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి అవ్వ కోసమని చెబితే అబద్ధమవుతుంది. భుజాలు ఇంకా నొప్పిగానే ఉన్నాయి. ఇంజను ఆపి దిగాను.