గడ్డి బండి ముందు చక్రాలు

మా ఆయన గజేందర్‌కు మస్కట్ మీదున్నంత ప్రేమ నా మీద ఉందా అని ఎవరైనా అడిగితే, మొన్నమొన్నటిదాకా నా దగ్గర జవాబు లేదు. పెళ్లయిన రెండో ఏడే విమానం ఎక్కాడు. అక్కడ ఆటల మైదానంలో గడ్డి కోసే బండి నడిపే పని. పైన సీట్లో కూర్చుని స్టీరింగ్ తిప్పుతుంటే కింద బ్లేడు గడ్డిని కోసుకుంటూ పోతుంది. ఇక్కడ నేను చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టి మా బిడ్డ భూమికను పెంచాను. సెలవు మీద వచ్చి పెట్టె తెరిస్తే ఇల్లంతా సబ్బుల వాసన. పిల్ల మాత్రం ఆయన్ని చూసి నా కొంగు వెనక నక్కేది. దానికి బాపు అలవాటయ్యేసరికి సెలవు అయిపోయేది. కడుపు మండదా మరి?

పోయినేడు, ఇక పోనని వచ్చేశాడు. మనిషి వచ్చాడు గానీ మనసు రాలేదు. పొద్దున చాయ్ గ్లాసు పట్టుకోగానే మొదలుపెట్టేవాడు.

"ఏమే శోభా, గీ టైముకు గక్కడ గడ్డి మీద మంచు మస్తుంటుండె. బండి తోలుతుంటే ఏం వాసన... అబ్బ!"

మా ఆర్మూరంతా పసుపు ఘాటు కమ్ముకునే రోజులవి. మా వాకిట్లో పక్కింటివాళ్ల పసుపు ఎండుతోంది. ఈయనకేమో గడ్డి వాసన కావాలి! తర్వాత క్యాంపు గదిలో దోస్తులతో వండుకున్న టమాట పప్పు, శుక్రవారం సముద్రం ఒడ్డు, అన్నీ వచ్చేవి. "గా మస్కట్ నాకు సవతి లెక్కుంది" అని మొహం మీదే అనేదాన్ని. నవ్వేవాడు.

పెర్కిట్ దారిలో ఫంక్షన్ హాలు నడిపే బాబురావు సారు హాలు ముందున్న లాన్ కోసం ఎక్కడో పాత గడ్డి బండి కొన్నాడని తెలిసి, మర్నాడే పోయి పనిలో చేరాడు. మొహంలో కళ వచ్చింది. కానీ ఆ బండి ముందు చక్రాలున్నాయే, శుద్ధ దండగ! ఒక్క పల్లేరుకాయ గుచ్చుకుంటే గాలి పోయేది. లోపల ఇరుసు చుట్టూ ఉండే బుష్షులు అరిగిపోయి, తాగినవాడిలా ఊగేవి. చివరికి బాబురావు సారు విసిగిపోయాడు.

"గజేందర్, పెండ్లిళ్ల సీజన్ల బండి గిట్ల నిలబడితే నాతోని కాదు. వారంల బాగైతే సరే, లేకుంటే ప్లాస్టిక్ గడ్డి పరిపిస్త."

అదే వారం మస్కట్ నుంచి పెద్దులు ఫోన్ చేశాడు. ఈయనతో ఒకే గదిలో ఉన్న కమ్మర్‌పల్లి మనిషి. వీసా ఉంది, వస్తావా అన్నాడట. "బండి నడిస్తే ఉంట, లేకుంటే పోత" అన్నాడు మా ఆయన. బండిని తిట్టిన నోటితోనే దాని చక్రాలకు మొక్కుకున్నాను.

ఆయన మార్కెట్ యార్డుకు పోయి, పసుపు బస్తాలు లాగే ట్రాలీ చక్రాలు రెండు తెచ్చి బిగించాడు. గట్టి రబ్బరు, గాలి గొడవే లేదు. కానీ అవి పాతవాటికంటే ఎత్తు. బండి ముందు భాగం లేచి, కింద బ్లేడు ఏటవాలుగా ఒరిగింది. లాన్ ఒకచోట గుండు, ఒకచోట జులపాలు! ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, "నా పాస్‌పోర్టు ఏడ పెట్టినవే?" అన్నాడు.

చాట అవతల పెట్టి లేచాను. "పాస్‌పోర్టు గీస్‌పోర్టు జాన్తా నై! కొలత సూడకుండ కంటితోని తెస్తవా? మన పెండ్లికి గాజులు గిట్లనే తెచ్చినవ్. ఒక్కటన్న చేతికెక్కిందా?"

పాత చక్రాన్ని గోనెసంచిలో వేసుకుని యార్డుకు నేనే పోయాను. బస్తాలు లాగే ఆశమ్మ నాకు తెలిసిన మనిషి. మూలన పడేసిన ట్రాలీలు చూపించింది. ఒక్కో చక్రం పక్కన నా చక్రం నిలబెట్టి చూస్తుంటే మగవాళ్లు నవ్వారు. నవ్వితే నవ్వనీ. నా మొగుడు విమానం ఎక్కితే వాళ్లు దింపుకొస్తారా? చివరికి అదే ఎత్తు, అదే వెడల్పు ఉన్న జత దొరికింది. ఈయన లేత్ షాపులో వాటికి బేరింగులు వేయించాడు. బిగించి వేలితో తోస్తే చప్పుడు లేకుండా తిరిగాయి.

మర్నాడు పొద్దున నన్నూ వెంట తీసుకుపోయాడు. నిజం చెప్పొద్దూ, ఇన్నేళ్ల కాపురంలో ఆయన పని చేస్తుండగా చూడటం అదే మొదలు. నడుం నిటారుగా, చూపు సూటిగా, ఇంట్లో బద్ధకంగా కూర్చునే మనిషేనా! బండి తాడు పట్టి గీసినట్టు పోయింది. కోసిన గడ్డి వాసన నిజంగానే బాగుంది, కాదనను. బాబురావు సారు మెట్ల మీంచి చూసి, "ఇగ నడువనియ్యి" అని లోపలికి పోయాడు. అయినా నా భయం తీరలేదు. ఈ వాసనకు మస్కట్ మరింత గుర్తొచ్చి, అటే పోతానంటే?

అవతలి చివర బండి తిప్పేటప్పుడు, ఎవరూ లేని గోడవైపు చేయెత్తాడు. మళ్లీ పోయినప్పుడూ అంతే. బండి ఆపాక అడిగాను.

"గాడ ఎవ్వలున్నరని చెయ్యెత్తుతున్నవు?"

సిగ్గుపడ్డాడు. "గక్కడ అలవాటైంది. లైను చివరికి పోయినప్పుడల్లా, గోడ కాడ నువ్వు నిలబడ్డవనుకుని చెయ్యెత్తేటోణ్ణి. గట్లనే దినాలు ఎల్లిపోయినయి." స్టీరింగ్ మీద గడ్డి దులిపి, "పెద్దులుకు పొద్దుగాల్నే చెప్పిన, ఇగ రానని" అన్నాడు.

దేశంగాని దేశంలో, ఆ ఎండలో, ఇన్నేళ్లూ ఆయన ఎదురుగా నిలబడ్డది నేనేనా! ఏడుపు ఆగలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, గడ్డి మీద నడుచుకుంటూ పోయి ఆ గోడ దగ్గర నిలబడ్డాను.

"ఓ భూమిక బాపు! గీసారి నిజంగనే ఉన్న, చూసుకుంట రా!" అని కేకేశాను.

ఆయన బండి స్టార్టు చేశాడు.