గొళ్ళెంగారి తలుపులు

మూసిన తలుపును నమ్మకపోవడమే మా గొళ్ళెంగారి మతం. తాళం వేసి ఉన్నా సరే తోస్తారు, తడతారు, చెవి ఆనించి "లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతారు. ఆ పేరు ఆఫీసు పెట్టిందే. బీరువాను కూడా అడిగారని ఒక వర్గానికి గట్టి నమ్మకం.

మాది అద్దెల వ్యాపారం. పెద్ద కంప్యూటర్లో ఉత్తుత్తి కంప్యూటర్లు కట్టి అద్దెకిస్తాం. అద్దెకు దిగినవాళ్ళు వాటి కడుపులో మరికొన్ని కట్టి ఇంకొకరికి ఇస్తారు. ఎవరి మెమరీ వారిదే, మధ్యన గోడ. ఒక మధ్యాహ్నం ఆ గోడకు కన్నం బయటపడింది. లోపలివాడు ఖాళీ చేసినా, మెమరీలో ఏది ఎక్కడుందో చెప్పే అతని చిరునామాల పట్టికను మా ప్రోగ్రాం చెరపడం లేదు. తర్వాత దిగినవాడు ఆ పాత పట్టిక పట్టుకుని, ఆ చోట్లలోకి ఇప్పుడు వచ్చిన పొరుగువాళ్ళ గుట్టంతా చదివేయొచ్చు.

మేనేజర్ మేడమ్ పరుగున వచ్చింది. "అన్నీ ఆపేయండి! ఇప్పుడే!"

గొళ్ళెంగారు లేచారు. కూర్చున్నారు. మళ్ళీ లేచారు. "లోపల ఎవరైనా ఉన్నారా?"

"అబ్బా, ఇది తలుపు కాదండీ బాబూ!"

"మూసేది ఏదైనా తలుపేనమ్మా."

ఫోన్లు చేస్తే తేలింది. లోపలి లోపలి మెషీన్లలో నర్సుల పరీక్ష నడుస్తోంది. ఆపితే రాసిన జవాబులన్నీ గల్లంతు.

"మరి కన్నం మాటేమిటి?" మేడమ్ గోళ్ళు కొరికింది.

"ఆపేయొద్దమ్మా," అన్నారు గొళ్ళెంగారు. "కొత్తవాళ్ళెవర్నీ దిగనివ్వకండి, తొంగిచూసేవాడే ఉండడు. పట్టిక చెరిపే కోడ్ రాసి పక్క మెషీన్లో పెడతాను. ఉన్నవాళ్ళని కుదుపు లేకుండా అక్కడికి మోసుకెళ్దాం."

రాశారు. మధ్యమధ్య లేచి స్టోరు గది తలుపు తోసి వచ్చారు. మేడమ్ ఈ గోడనుంచి ఆ గోడకు నడిచి చెప్పులు అరగదీసింది. నేను మాత్రం నిబ్బరంగా ఖాళీ కప్పులోంచి టీ తాగుతూ కూర్చున్నాను. చివరికి తరలింపు పూర్తయింది. కిందున్న నేల మారిన సంగతి ఒక్క నర్సమ్మకూ తెలియలేదు.

సాయంత్రం ఊడ్చే ఆవిణ్ణి అడిగాను. "ఏంటమ్మా ఈయనకీ తలుపుల పిచ్చి?"

"పిచ్చేంటి బాబూ! ఓసారి నేను స్టోరు గదిలో ఉండగానే ఎవరో తాళమేసుకుపోయారు. అరిచి అరిచి గొంతు పోయింది. ఆయనొచ్చి తీయించారు. అప్పట్నుంచీ అన్ని తలుపులూ తట్టాకే ఇంటికెళ్తారు."

అంతలో కాపలా అతను మీటింగు గదికి తాళం బిగించాడు. గొళ్ళెంగారు అలవాటుగా తట్టారు. "లోపల ఎవరైనా ఉన్నారా?"

"నేనున్నానండీ!" కునుకులోంచి ఉలిక్కిపడి లేచిన మేడమ్ కేక.

గొళ్ళెంగారు తలుపువైపే చూస్తూ, మహా గంభీరంగా అన్నారు: "చూశారా మేడమ్? అందుకే ఆపేయొద్దన్నాను."