నాన్న దస్తూరి, బళ్ళు నడిపినవాడి కథ

కంటి ఆపరేషను తర్వాత నెలరోజులు పుస్తకం ముట్టుకోకూడదని డాక్టరు చెప్పేసరికి నాన్న చిన్నపిల్లాడిలా అలిగాడు. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి. ఇక నాకు తప్పుతుందా? మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన మంచం పక్కన కూర్చుని నేనే చదివి వినిపించేదాన్ని. స్కూల్లో అరిచి అరిచి రిటైరైన గొంతుకి ఇంట్లో కూడా సెలవు లేదని విసుక్కుంటూనే చదివేదాన్ని.

ఆ నెల చదివిన పుస్తకం తెచ్చింది మాత్రం నేనే. అది నాజీల్లో పెద్ద ఆఫీసరొకడి జీవితచరిత్ర. ఇంగ్లీషులో చదువుకుంటూ తెలుగులో చెప్పేదాన్ని. చదువు సరిగా అబ్బనివాడు, ఊరూరా తిరిగి చమురు కంపెనీ సరుకు అమ్మినవాడు, పార్టీలో చేరి మెట్టు మెట్టుగా ఎక్కి, దేశదేశాల నుంచి రైళ్ళు ఏర్పాటు చేసేదాకా వచ్చాడు. యుద్ధం నడుస్తున్నా అతని బళ్ళు ఆగలేదని చెప్పగానే నాన్న లేచి కూర్చున్నాడు.

"లైన్ల మీద బాంబులు పడతా ఉంటే బళ్ళు నడిపినాడా? కంట్రోలంటే అదీ! మనోళ్ళయితే సినుకు పడితే సాలు, సిగ్నల్ పోయిందంటారు."

ఈ రైల్వే ఊరివాళ్ళకి ఇదో జబ్బు. బండి టైముకి వచ్చిందంటే చాలు, అందులో ఎవరొచ్చారని అడగరు. నాకూ ఆ రోజు నవ్వే వచ్చింది.

మర్నాడు ఆ బళ్ళ పెట్టెల్లో ఏముందో చదివాను. మనుషులు. తలుపులు మూసేసిన గూడ్సు పెట్టెల్లో ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు. చంపడానికి తీసుకెళ్తున్నారని వాళ్ళకు చెప్పలేదు. యుద్ధం ఓడిపోయాక అతను పేరు మార్చుకుని సముద్రం దాటి పారిపోయాడు. అక్కడ ఫ్యాక్టరీలో పని చేసుకుంటూ, ఓ సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే పట్టుబడ్డాడు. కోర్టులో గాజుగదిలో కూర్చోబెడితే, నేనెవర్నీ చేత్తో చంపలేదు, పైనుంచి వచ్చిన ఆర్డరు ప్రకారం పని చేశానంతే అని వాదించాడు. ఉరి తీశారు.

తలెత్తి చూస్తే నాన్న గోడవైపు తిరిగి ఉన్నాడు.

"నేను కూడా కాగితం రాసినోడినేనమ్మా," అన్నాడు.

నాన్న రైల్వే వర్క్‌షాపులో గుమాస్తా. ఆ పని కోసమే మాలాంటివాళ్ళు తెలుగు నేల వదిలి ఈ ఊరొచ్చారు. హాజరు పట్టీ ఆయన చేతిలో ఉండేది. దస్తూరి ముత్యాల్లా ఉండేది. మా తెలుగు చర్చిలో బాప్తిస్మం కాగితాలు, పెళ్ళి శుభలేఖలు, చివరికి సమాధి రాళ్ళ మీద చెక్కాల్సిన అక్షరాలు కూడా ఆయనే రాసిచ్చేవాడు. నా చిన్నప్పుడు పెద్ద సమ్మె జరిగినప్పుడు, పనికి రానివాళ్ళ జాబితా రాయమని ఆయనకి ఆర్డరొచ్చింది. పక్క క్వార్టర్లో ఉన్న ఫిట్టరు నాన్నకి ప్రాణస్నేహితుడు. అతను సమ్మెలో లేడు, జ్వరంతో పడుకున్నాడు. పొద్దున్నే గంజి పట్టుకెళ్ళి ఇచ్చింది కూడా నాన్నే. కానీ పట్టీలో మాత్రం గైరుహాజరని ఉంది. జాబితాలో పేరు రాసేశాడు.

ఫిట్టరుకి ఉద్యోగం పోయింది, క్వార్టరు పోయింది. వాళ్ళ సామాను నాన్నే దగ్గరుండి మోయించాడు. అతను గోల్‌బజార్లో మూటలు మోసి మోసి రెండేళ్ళకే చనిపోయాడు. అతని భార్యని నేను పిన్ని అంటాను, నాన్నేమో చర్చి అలవాటుగా చెల్లి అంటాడు. ఆవిడ ఇప్పటికీ ప్రతి క్రిస్మస్‌కీ గులాబీ పువ్వుల పిండివంట చేసి మాకు పంపుతుంది. సామాను మోయించిన సాయం మరిచిపోలేదని మేమంతా అనుకునేవాళ్ళం.

"నన్నా సెల్లి దగ్గిరికి తీసుకెళ్ళమ్మా. సెప్పకుండా పోలేను."

నేను వద్దన్నాను. తీగ లాగితే డొంకంతా కదులుతుందని పోట్లాడాను. నిజానికి పిన్ని ముఖం చూడటానికి నాకే భయం. ఆయన అన్నం మానేశాడు. మూడో రోజు చేసేదిలేక టోటో అనే బ్యాటరీ ఆటో పిలిచాను.

రేకుల ఇంటి గుమ్మంలోనే పిన్ని ఎదురొచ్చింది. "వందనాలన్నియ్యా! కన్ను ఎలాగున్నాది?"

"సెల్లీ, ఆ సమ్మె నాడు..." అని మొదలుపెట్టాడు నాన్న, ఇంకా కూర్చోకుండానే.

పిన్ని లోపలున్న కొడుకుని పాలు తెమ్మని బజారుకి పంపింది. అతను వీధి మలుపు తిరిగేదాకా ఆగింది.

"నాకు తెలుసన్నియ్యా. ఆ లిస్టు గేటు కాడ అంటించినారు. మా పెళ్ళి శుభలేఖ రాసిన సెయ్యి నాను పోల్చుకోనేటి?"

మరి ఇన్నేళ్ళూ ఆ పిండివంటలెందుకు పిన్నీ అని నేనే అడిగాను.

"ఏటి సేస్తానమ్మా? ఊరు కాని ఊరు. మీతోటి కూడా మాట పోతే పిల్లల్ని ఎవరి అండ సూసుకుని పెంచుతాను? మావోడికి తెలీదు. ఆడికి సెప్పకండి. చెమించమని నన్ను అడగకండన్నియ్యా. అది నావల్ల అవదు."

కొడుకు పాలు తెచ్చాడు. పిన్ని టీ పెట్టింది. నాన్నకి చక్కెర తక్కువని గుర్తుపెట్టుకుని మరీ ఇచ్చింది. తాగాం. తాగక ఏం చెయ్యగలం?

తిరుగు టోటోలో నాన్న కుడిచెయ్యి నా పక్కనే సీటు మీద ఉంది. పట్టుకుందామనుకున్నాను. నావల్ల కాలేదు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఫిట్టరుని పాతిపెట్టిన సమాధుల తోట గేటు దాటుతుంటే అన్నాడు:

"ఆడి పేరు రెండుసార్లు రాసినానమ్మా. ఒకసారి లిస్టులో, ఒకసారి ఆ రాయి మీదకి. రెండుసార్లూ ఒక్క అచ్చరం తప్పు పోలేదు."