ఆర్మూరు గుర్రం పిల్లకు ‘కుదరదు’ అని చెప్పిన రోజు

తొంభైల మొదట్లో నేను హైదరాబాదు దగ్గర పందెపు గుర్రాలను పెంచే ఫారంలో పశువైద్యుడిని. కాలు దెబ్బతిన్న ఆడగుర్రాన్ని మా దగ్గర కొనుక్కుపోయిన పసుపు రైతు రాజన్న, అది ఈనిందనీ, పిల్ల పేరు పందేల రిజిస్టరులో ఎక్కించమనీ ఉత్తరం రాశాడు. చూలు కట్టించింది సూదితోనట, మగగుర్రం లేకుండా వీర్యం ఎక్కించి. పందెపు గుర్రాల్లో మగగుర్రం స్వయంగా కలిస్తే పుట్టిన పిల్లకే రిజిస్టరులో చోటు. చావు కబురు చల్లగా చెప్పే పని ఎప్పుడూ చిన్న డాక్టరుదే కనక నన్ను పంపారు.

గౌలిగూడ బస్టాండులో తెల్లవారుజామున ఐదున్నర బస్సెక్కితే ఆర్మూరు చేరేసరికి పదకొండయింది. టికెట్టు ముప్పై చిల్లర, నడుంనొప్పి ఉచితం. అక్కడ భీమ్‌గల్ బస్సు ఎక్కాను. గుర్రాన్ని చూడ్డానికి వచ్చానంటే కండక్టరు నవ్వాడు. “గాడ పసుపు తప్ప ఏమున్నది సారూ!” అరగంటలో దిగాను. దారికి రెండు పక్కలా ఉడికించిన పసుపు కొమ్ములు ఎండబోసి ఉన్నాయి.

రాజన్న ఇంటి కొట్టంలో పిల్ల చక్కగా ఉంది. అదే నాకు కష్టమైంది.

“తల్లి ఎనుక కాలు జర నాజూకు సారూ,” అన్నాడు రాజన్న. “మగగుర్రం మీదెక్కితే ఇరుగుతదని భయమైంది. బర్లకు ఏపిస్తం గదా, గట్లనే సూది ఏపిచ్చిన.”

కుదరదని చెప్పేశాను.

“పిల్లకేమన్న ఖోటున్నదా?”

“లేదు. నిబంధన అంతే.”

అతని భార్య గంగవ్వ లోపలికి వెళ్ళి ఒక ఇన్‌లాండు లెటరు తెచ్చింది. “మరి గిదేంది సారూ?”

నా చేతిరాతే. ఈ గుర్రానికి సూది వేయించవచ్చా అని ఏడాది కిందట రాజన్న అడిగితే, ‘నిరభ్యంతరంగా వేయించవచ్చు, తల్లికి ప్రమాదం లేదు’ అని రాశాను. రాసి మరిచిపోయాను. రిజిస్టరు సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు.

“తప్పు నాది, రాజన్నా.”

అతను కోప్పడితే బాగుండేది. “మిమ్ముల అడిగే చేసిన గద సారూ, గందుకే నాకు ఫికర్ లేకుండె,” అన్నాడు. గంగవ్వ తినకుండా పోవద్దంది. పెట్టిన మక్కరొట్టె సగం తిని లేచాను.

అడిగినదానికి సరైన జవాబే చెప్పానని ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. ఆ మాట అలసట తెప్పిస్తుందే తప్ప ఊరట ఇవ్వదు. అడగడం తెలియనివాడికి అడగనిది కూడా చెప్పడమే చదువుకున్నవాడి పని.

మీరు అటు వెళ్తే, తిరుగు ప్రయాణానికి ఒక్క మాట: నిర్మల్ వైపు నుంచి వచ్చే బస్సులు నిండి వస్తాయి, ఆర్మూరులోనే బయల్దేరే బస్సు కోసం ఆగండి. నేను ఆగలేదు. కామారెడ్డిలో సీటు ఖాళీ అయింది. కూర్చోబుద్ధి కాలేదు, హైదరాబాదు దాకా నిలబడే వచ్చాను.