ముగింపు బాగుందన్నాను

ఆ రోజుల్లో రచయిత కావడానికి కాగితం, కలం అక్కర్లేదు, ఛార్జింగ్ ఉన్న ఫోనూ ఒక గ్రూపూ ఉంటే చాలని గట్టిగా నమ్మేవాణ్ణి. (ఇప్పుడు నేను నమ్మే సంగతులు బాగా తగ్గిపోయాయి.) నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. పుట్టింది వరి పండించే ఇంట్లో, పని చేసేది ఇందుకూరుపేటలో మా మేనమామ రొయ్యల మేత కొట్లో. బస్తాలు దించే లారీకీ లారీకీ మధ్య దొరికిన సందులో బొటనవేలితో కథలు కొట్టి, వర్ధమాన రచయితల గ్రూపులో పెట్టేవాణ్ణి. గ్రూపు పేరు చెప్పను. అందులో సగం మంది ఇంకా రాస్తూనే ఉన్నారు, పైగా మా ఊరికి బస్సు సౌకర్యం బాగా ఉంది. చుట్టుపక్కల చదివే అలవాటున్న మనిషి ఒక్కడూ లేని నాకు, చేరిన రోజే రెండొందల మంది రచయితలు చుట్టాలైపోయారు. మొదటి వారం అన్నం కూడా సరిగా తినలేదు, ఫోను చూసుకోవడమే సరిపోయింది.

ఆ గ్రూపుకు ఒక మర్యాద ఉండేది. ఎవరు ఏది పెట్టినా నిమిషం తిరక్కుండా మెచ్చుకోవాలి. నాది మీరు మెచ్చుకుంటే మీది నేను మెచ్చుకుంటాను. "అద్భుతం", "కళ్ళు చెమర్చాయి", "కథనం బిగువుగా ఉంది", "ముగింపు చాలా బాగుంది" అనే ఈ నాలుగు ముక్కలూ మొదటి అక్షరం కొడితే చాలు, నా ఫోను దానంతటదే అందించేది. ఒకసారి మూడు భాగాల కథ పెడుతూ రెండో భాగం పెట్టడం మరిచిపోయాను. మొదటి భాగం చివర పెళ్ళికాని పిల్ల కావలి బస్సెక్కింది. మూడో భాగం మొదట్లో అదే పిల్ల ఇద్దరు కూతుళ్ళకు జడలు వేస్తోంది. పెళ్ళెప్పుడయిందని ఒక్కరూ అడగలేదు. కథనం బిగువుగా ఉందని మాత్రం పదిహేడు మంది అన్నారు. (మధ్య భాగం లేకపోతే బిగువుగా ఉండక ఏం చేస్తుంది.) ఆ రోజు మేత బస్తా మీద కూర్చుని నిజంగానే కుంగిపోయాను. ఇంటికెళ్ళి మా అమ్మకు చూపిస్తే, ఆ చప్పట్లనూ దణ్ణాలనూ వేలితో పైకి తోసి తోసి చూసి, "ఇంతమంది బాగుందన్నారు సరే, వీళ్ళల్లో చదివినోళ్ళు ఎవురబ్బయ్యా?" అని అడిగింది. ఒక్కరు, ఒకే ఒక్కరు, మొదటి నుంచి చివరిదాకా చదివితే చాలు, తిట్టినా ఫర్వాలేదు అనుకున్నాను. తిడితే ఫర్వాలేదన్నది అబద్ధమని పది రోజుల్లోనే తేలింది.

గ్రూపులో సముద్రానికి దగ్గరగా ఉండేవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుని, గ్రూపు పెట్టిన పెద్దాయన (అందరం అధ్యక్షులవారు అనేవాళ్ళం) నాకు సాగర కథకుడని బిరుదిచ్చాడు. నాకు తెలిసిన సముద్రం ఆదివారాలు మైపాడులో మోకాళ్ళ లోతు వరకే. అది కూడా ప్యాంటు మడుచుకుని. అయినా బిరుదు వచ్చాక ఊరుకుంటానా? ప్రేమ విఫలమైన కుర్రాడు మండే మే నెలలో ఒక్కడే ఇంజను బోటేసుకుని వేటకు పోయి, తుపాను దాటి, బోటెడు చేపలతో తిరిగొచ్చే కథ రాసి పెట్టాను. చప్పట్లు కురిశాయి. వాటి కింద, అంతకుముందు ఎన్నడూ నోరు విప్పని ఒకామె, పేరు పక్కన కుట్టుమిషను బొమ్మ పెట్టుకున్నామె, ఇలా రాసింది: "అన్నా, మాది జువ్వలదిన్నె. మే నెలలో వేట బందు కదన్నా. ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా ఇంజను బోటు సముద్రంలోకి పోకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలం. మీ హీరో ఒడ్డుకొస్తానే పట్టుకుంటారు. ఇంకోటి, అంత వల ఒక్కడే ఎట్టా లాగినాడు?"

నేను ఎగిరి గంతేయాల్సిన క్షణం అది. వెతుక్కుంటున్న మనిషి వెతుక్కుంటూ వచ్చింది. కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. సృజనకు నిషేధ కాలం ఉండదని మొదలుపెట్టి నలభై వాక్యాల జవాబు కొట్టాను. (కథ కన్నా దాని నిడివే ఎక్కువ.) ఒకాయన సముద్రం ఇక్కడ ప్రతీక అన్నాడు. ఇంకొకాయన హీరోను పట్టుకుంటే రెండో భాగం రాయవచ్చు కదా అని సలహా ఇచ్చాడు. విమర్శ పువ్వులా తగలాలని అధ్యక్షులవారు తీర్పు చెప్పారు. అందరూ చెప్పడం అయ్యాక ఆమె ఒక్క మాట రాసింది: "సరేనన్నా, ఏమనుకోబాకండి. మూడు మాట్లు చదివినా, అందుకని అడిగినా."

మూడు మాట్లు! ఆ రెండు మాటలు చూసి సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు ఆమెకు విడిగా క్షమాపణ రాస్తే, "ఒకసారి వొచ్చి చూసి రాయండన్నా, ఇప్పుడు వేట బందే కదా, మా నాయన ఇంటికాడే ఉండాడు" అని పిలిచింది. ఆదివారం బస్సూ ఆటో మారి జువ్వలదిన్నె పోయాను. నలభై ఏళ్ళుంటాయి ఆమెకు. ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. నన్ను చూసి రెండు నిమిషాలు నవ్వాపుకోలేకపోయింది. "ఇంత చిన్నోడివా? నీ రాతలు చూసి అరవై ఏళ్ళ మనిషనుకుని అన్నా అన్నా అంటిని గదయ్యా." ఆ పూటే నేను అబ్బయ్యనయ్యాను, ఆమె అక్క అయింది. వలలో చిరుగులు సరిచేసుకుంటున్న వాళ్ళ నాయన తలెత్తకుండానే, "మావోళ్ళను మే నెల్లో వేటకు పంపినోడు ఈయనేనా?" అన్నాడు. తర్వాత దయతలచి, ఒడ్డుకు దగ్గర్లో లంగరేసిన బోటు ఎక్కించాడు. లంగరేసిన బోటే. పది నిమిషాలకు పొద్దున తిన్న ఇడ్లీ అంతా సముద్రంపాలు చేశాను. ఆయన నా వీపు నిమురుతూ, "కథలో తుపాను దాటించినావంట గదా అబ్బయ్యా" అన్నాడు, ఎగతాళి లేకుండా, నిజంగా ఆశ్చర్యపడుతూ.

మధ్యాహ్నం చేపల పులుసుతో అన్నం పెట్టి, అక్క నా కథలన్నీ ఒక్కొక్కటిగా విప్పింది. "ఆ కావలి బస్సెక్కిన పిల్లకు పెళ్ళెప్పుడైంది? మధ్యలో ఏందో పెట్టడం మరిచినట్టుండావే." చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేసి, రెండో భాగం పెట్టనేలేదని ఒప్పుకున్నాను. "బోటు కథలో అంతా అబద్ధమే గానీ, వాళ్ళమ్మ ఒడ్డున నిలబడి బోట్లు లెక్కబెట్టుకుంటాది చూడు, అది మాత్రం నిజం. ఆడికొచ్చాక నేను ఏడ్చినా." ఇంతకు మించిన బహుమతి నాకు ఈ జన్మలో రాలేదు, ఇక రాదు కూడా. బయల్దేరేటప్పుడు ఆమె గుమ్మం దగ్గర కాసేపు తచ్చాడి, తనూ ఒక కథ రాసిందనీ, నోటుబుక్కులో పదిహేను పేజీలనీ, ఇంతవరకూ ఎవరికీ చూపలేదనీ చెప్పింది. "ఫొటోలు తీసి పంపిస్తా. నువ్వు చదివి చెప్పు అబ్బయ్యా. ఎట్టుంటే అట్టా చెప్పు." చెబుతానక్కా అని మాటిచ్చాను.

నాలుగు రోజుల తర్వాత, లారీ వచ్చి బస్తాలు దిగుతుండగా ఫోను మోగింది. నోటుబుక్కు పేజీలు ఒకటొకటిగా వస్తున్నాయి. మామ అరుస్తున్నాడు, హమాలీ బస్తా ఎక్కడ వేయాలని అడుగుతున్నాడు. నా బొటనవేలు దాని పని అది చేసింది. "అద్భుతం అక్కా. కళ్ళు చెమర్చాయి. ముగింపు చాలా బాగుంది." పంపి, ఫోను జేబులో వేసుకుని బస్తాలు లెక్కపెట్టాను. అరగంట తర్వాత తీసి చూస్తే ఆమె జవాబు ఉంది: "ముగింపు ఇంకా పంపలేదబ్బయ్యా."

వచ్చినవి నాలుగు పేజీలే. మా సిగ్నలు సంగతి తెలిసిందే, అయిదో పేజీ దారిలో ఉండగానే నేను కళ్ళు చెమర్చుకున్నాను. గోడౌన్ వెనక్కి పోయి ఆ నాలుగు పేజీలు చదివాను. వేట బందు రెండు నెలలూ మొగుడు ఇంట్లోనే ఉంటే ఆ ఇల్లు ఎట్లా ఇరుకవుతుందో చెప్పే కథ. ఆయన బాగున్న తలుపును బాగుచేస్తాడు, ఉప్పు డబ్బా చోటు మారుస్తాడు. సముద్రం మీదుంటే భయంతో, ఇంట్లో ఉంటే విసుగుతో ఆవిడ వేగలేక వేగుతుంది. నవ్వొచ్చింది, నవ్వుతూనే మళ్ళీ మొదటి పేజీకి పోయాను. నాలుగో పేజీ చివర మిట్టమధ్యాహ్నం మొగుడు కనబడక ఆవిడ ఒడ్డుకు పోతుంది, బోటు దగ్గర ఆయన్ను చూస్తుంది, ఏం చేస్తున్నాడో అయిదో పేజీలో ఉంది. నేను బతిమాలుతూ పంపిన సందేశాలు లెక్కలేదు. "పర్లేదులే అబ్బయ్యా, పనిలో ఉన్నట్టుండావు" అని ఒక్కటే జవాబు. సాయంత్రానికి ఆమె గ్రూపులోంచి వెళ్ళిపోయింది. ఎవరూ గమనించలేదు.

ఆ వారమే మళ్ళీ జువ్వలదిన్నె పోయాను. కోపం లేదు, అదే దెబ్బ. పులుసు పెట్టింది, మా అమ్మ ఎట్టుందని అడిగింది. ఇంతలో ఎవరో జాకెట్టుకు కొలతలివ్వడానికి వస్తే, అక్క ఆ కథ ఉన్న నోటుబుక్కే తీసి, తిరగేసి వెనక వైపు నుంచి రాసుకుంది. మిగతా పేజీలక్కా అన్నాను. "యాడికి పోతాయిలే. కాఫీ తాగు, చల్లారిపోతాది" అంది. నేను కాఫీ తాగాను.

పదేళ్ళు దాటింది. ఇప్పటికీ ఏం రాసినా ముందు అక్కకే పంపుతాను. ఆమె చదివి తప్పులు చెబుతూనే ఉంది. ఆమె మాత్రం మళ్ళీ ఏమీ పంపలేదు. ఆ కథకు ముగింపు నేనే ఊహించుకుని ఎన్నో మార్లు రాశాను. ఒక్కటీ ఆమె రాసినట్టు లేదు. ఆ బోటు దగ్గర ఆయన ఏం చేస్తున్నాడో తెలియకుండానే నేను పోతానేమోనని అప్పుడప్పుడు దిగులేస్తుంది. ఇరవై మూడేళ్ళ ఆ కుర్రాడు ఎదురైతే తిట్టను. పక్కన బస్తా మీద కూర్చోబెట్టి, ఫోను చేతిలోంచి మెల్లగా తీసుకుని, ఇంకా పదకొండు పేజీలున్నాయి, కాస్త ఆగరా అంటాను. వాడు తల ఊపుతూ, చాలా బాగా చెప్పారన్నా అంటాడు, నేను చెప్పడం పూర్తికాక ముందే.